వాడ కనపడని పటం: డిజిటల్ పటాల 'మామూలు లోపాలు' ఎవరికి మామూలు?

డిజిటల్ పటాలు తయారుచెయ్యటం నేర్పే పుస్తకాల్లో తప్పకుండా ఒక అధ్యాయం ఉంటుంది: తరచుగా వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు. రెండు పొరలు ఒకదానిమీదొకటి సరిగా కూర్చోకపోవడం, పట్టికలోని పేర్లు పటంలోని పేర్లతో కలవకపోవడం, పక్కపక్క హద్దుల మధ్య సందులు పడటం, ఖాళీ గళ్లు, తప్పు విస్తీర్ణాలు, తప్పు దూరాలు. ప్రతి సమస్యకీ ఒక మీట ఉంది, అది నొక్కితే సరిపోతుంది అంటాయి ఆ పుస్తకాలు. మా ఇళ్లలో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి తరం మేం. ఆ అధ్యాయాన్ని శ్రద్ధగానే చదివాం, అందులోని పని నేర్చుకున్నాం. పని తెలియకుండా విమర్శకు దిగడం మాకు ఇష్టం లేదు.

మా అభ్యంతరం ఇది. ఈ లోపాలు ఎక్కడైనా వస్తాయనీ, వీటికి కులం లేదనీ ఆ పుస్తకాలు అనుకుంటాయి. లోపం పుట్టేటప్పుడు కులం లేకపోవచ్చు. అది పోయి వాలే చోటుకి మాత్రం కులం ఉంది. తప్పు ఊరిమీద పడితే పదిమంది పట్టుకుంటారు, ఆఫీసుకెళ్లి దిద్దించుకుంటారు. వాడమీద పడితే అదే రికార్డయి కూర్చుంటుంది. అందుకే ఆ సమస్యల్లో ఆరింటిని తీసుకుని వాడ వైపు నిలబడి చూద్దాం. పరిష్కారం ఉన్నచోట పరిష్కారమూ చెబుదాం.

1. రెండొందల మీటర్లు

భారత సర్వే సంస్థ పాత పటాలు ఎవరెస్ట్ 1830 అనే భూమి నమూనా మీద, మధ్యప్రదేశ్‌లోని కలియాన్‌పూర్ మూలబిందువుగా లెక్కగట్టినవి. ఇవాళ ఫోన్లో జి.పి.ఎస్. చూపే అక్షాంశ రేఖాంశాలు డబ్ల్యు.జి.ఎస్. 84 అనే వేరే నమూనా మీదివి. నేల ఒక్కటే, కొలిచే మూసలు రెండు. పాత పటం అంకెల్ని ఏ మార్పిడీ లేకుండా కొత్త మూసలో పెడితే తెలుగు నేల మీద ప్రతి బిందువూ సుమారు రెండొందల మీటర్లు పక్కకి జరుగుతుంది.

జిల్లా పటంలో రెండొందల మీటర్లు ఎవరి కంటికీ ఆనవు. కానీ ఊరికీ వాడకీ మధ్య దూరం ఎంత? చాలాచోట్ల ఇంచుమించు అంతే. మధ్యలో ఒక రోడ్డో, కాలవో, నాలుగు మడి చెక్కలో ఉంటాయి. అంచేత ఈ ఒక్క తప్పుతో మాదిగవాడ పోయి ఊరి మధ్యలో పడుతుంది, లేదా ఎవరో భూస్వామి పొలంలో పడుతుంది. భారతదేశంలో ఊరంటే ఒకటి కాదు, రెండు అని అంబేడ్కర్ రాశాడు. అంటరానివాళ్ల ఇళ్లు దక్షిణ దిక్కున ఉండాలని, ఆ దిక్కుని అశుభంగా చూస్తారు గనక, అలా కట్టడి చేశారని కూడా రాశాడు. ఇది పటం మీద పరీక్షించి చూడదగిన మాట. కాని రెండొందల మీటర్లు జరిగిపోయిన పటం మీద దిక్కే మారిపోతుంది. అప్పుడు పరిశోధకుడు 'దత్తాంశాలు సమర్థించడం లేదు' అని రాసి చేతులు దులుపుకోవచ్చు.

స్కాన్ చేసిన గ్రామ నక్షాని ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. నక్షాలోనూ చిత్రంలోనూ ఆనవాలు పట్టగలిగిన చోట్లు కొన్ని ఎంచుకుని మేకులు కొట్టినట్టు కొడతాం. సాఫ్ట్‌వేర్ సగటు తప్పు ఇంత అని ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె చిన్నదైతే పని బాగా కుదిరిందంటారు. మరి ఆ మేకులు ఎక్కడ కొట్టారు? గుడి, పంచాయతీ ఆఫీసు, బడి, నాలుగు రోడ్ల కూడలి. అన్నీ ఊళ్లోవే. తప్పుని కొలిచేది మేకు కొట్టిన చోటే గనక వాడలో ఎంత తప్పు ఉన్నా ఆ అంకెలోకి రాదు.

పరిష్కారం కష్టమేమీ కాదు. మొదట పాత పటం ఏ నమూనా మీదిదో చెప్పి, లెక్క ప్రకారం మార్చాలి. కంటికి సరిపోయేదాకా చేత్తో లాగకూడదు. తర్వాత మేకులు నాలుగు మూలలా పడాలి. వాడ బావి, కాలవ తూము, బొందలగడ్డ దగ్గరి సర్వే రాయి వాటిలో ఉండాలి. కొన్ని బిందువుల్ని మేకులుగా వాడకుండా పక్కన పెట్టుకుని, పని అయ్యాక వాటితో సరిచూడాలి. ఆ బిందువులు వాడలోవే అయితే మరీ మంచిది.

2. కోడ్ లేని చోటు

జనగణన లెక్కని పటానికి అతికించాలంటే రెండింటికీ ఒకే కోడ్ ఉండాలి. 2001 జనగణనలో గ్రామాలకిచ్చిన కోడ్‌లు 2011లో మారాయి. ఈలోగా 2014లో రాష్ట్రం రెండయింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. 2011 లెక్కని ఇవాళ్టి జిల్లా హద్దుల్లో పోస్తే సగం గళ్లు ఖాళీగా వస్తాయి. పేర్లతో కలుపుదామంటే ఒకే పల్లె పేరుని ఇంగ్లీషులో మూడు శాఖలు మూడు రకాలుగా రాస్తాయి. దీనికి పుస్తకాలు చెప్పే మందు సరైనదే: పాత కోడ్‌కీ కొత్త కోడ్‌కీ ఒక జోడింపు పట్టిక రాసుకోవాలి, ప్రతి హద్దు పక్కనా అది ఏ ఏడాదిదో రాయాలి, లెక్క తీసిన నాటి హద్దుల మీదే లెక్క చూపాలి.

ఈ మందు ఊరికి పనిచేస్తుంది. వాడకి అసలు కోడే లేదు. జనగణన ప్రచురించే గ్రామీణ లెక్కలో చివరి మెట్టు రెవెన్యూ గ్రామం. వాడ దాని కడుపులో ఉంటుంది. పొలిమేర పటంలో బహుభుజి ఒకటే, పేరు ఒకటే, ఆ పేరు ఊరిది. కొన్ని పటాల్లో ఊరిని ఒక చుక్కగా చూపిస్తారు. ఆ చుక్క బహుభుజి మధ్యబిందువు దగ్గర పడుతుంది, అక్కడ ఒక్కోసారి ఊరూ ఉండదు వాడా ఉండదు, ఎవరిదో చెలక ఉంటుంది.

తాగునీటి శాఖ, గ్రామీణ రోడ్ల పథకం తమ లెక్కల్ని ఆవాసాల వారీగా పెట్టుకుంటాయి. అంటే ఊరికన్నా చిన్న ముక్కని లెక్కపెట్టడం సర్కారుకి చేతకాని పనేం కాదు. ఆ ఆవాసాల బిందువుల్ని తెచ్చి, గ్రామ కోడ్‌కి తోకగా ఒక వాడ సంఖ్య ఇచ్చుకుంటే మనకొక కోడ్ పుడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. రికార్డుల్లో 'ఎస్సీ కాలనీ' అని ఒక్క మాట రాస్తారు. మాలపల్లె వేరు, మాదిగపల్లె వేరు, వాటి బావులు కూడా వేరు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం మూడు దశాబ్దాలు అడిగింది ఆ తేడాని లెక్కలోకి తెమ్మనే. వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాక కూడా పటంలో ఒకే రంగు పూయడం కుదరదు.

భాష చిక్కు కూడా ఉంది. షేప్‌ఫైల్ అనే పాత పద్ధతిలో పట్టిక వరస పేరుకి పది బైట్లే చోటు. యూనికోడ్‌లో ఒక్క తెలుగు గుర్తుకి సాధారణంగా మూడు బైట్లు కావాలి. అంటే మూడు గుర్తులు పడితే చోటు అయిపోయింది. లోపలి పేర్లు కూడా ఎన్‌కోడింగ్ సరిగా చెప్పకపోతే ప్రశ్నార్థకాలుగా మారతాయి. ఆఫీసుల్లో పాత అచ్చు ఫాంట్లతో కొట్టిన పట్టికలైతే యూనికోడ్‌లోకి మార్చుకుంటే తప్ప పనికిరావు. జియోప్యాకేజ్ పద్ధతి వాడితే ఈ గొడవ చాలామటుకు తీరుతుంది. తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, వాడవాళ్లు పిలుచుకునే పేరు మూడింటికీ మూడు వరసలు పెట్టాలి. మూడోదే ముఖ్యం. వాడవాళ్లు తమ చోటుని ఏమని పిలుస్తారో ఏ ఆఫీసు రికార్డూ అడగదు గనక.

3. ఖాళీ, సున్నా

పట్టికలో గడి ఖాళీగా ఉంటే దాన్ని సున్నాతో నింపమని చాలా శిక్షణల్లో చెబుతారు, లేకపోతే కూడికలు కుదరవని. 'లేదు' అన్నది ఒక జవాబు. 'అడగలేదు' అన్నది జవాబే కాదు. ఒక ఊళ్లో ఎస్సీ జనాభా నిజంగా సున్నా కావచ్చు. ఇంకో ఊళ్లో వాడలో కుళాయిలు ఉన్నాయా అని ఎవరూ వెళ్లి చూసి ఉండకపోవచ్చు. రెండూ సున్నా అయ్యాక రంగు పటంలో రెండూ తెల్లగా కనిపిస్తాయి. చూసేవాడు తెలుపు అంటే సమస్య లేదనుకుంటాడు.

ఖాళీని ఖాళీగానే ఉంచి, దానికి గీతల గుర్తు వెయ్యాలి. పటం కింద సూచికలో 'లెక్క తీయలేదు' అని రాయాలి. మా ఉద్దేశంలో ఇది అలంకారం కింద లెక్క కాదు. ఎక్కడ లెక్క తీయలేదో చూపే పటం కూడా ఒక సాక్ష్యమే.

4. హద్దు ఎక్కడ గీస్తే నిజం అక్కడ మారుతుంది

స్థల విశ్లేషణలో అన్నిటికన్నా లోతైన చిక్కు ఇది. 1984లో ఓపెన్‌షా అనే భూగోళ శాస్త్రవేత్త దీనిమీద ఒక చిన్న పుస్తకమే రాశాడు. లెక్కని ఏ ముక్కలుగా పోగుచేశామన్న దాన్నిబట్టి ఫలితం మారిపోతుంది. లెక్కవేసి చూద్దాం. రెండు వార్డులున్నాయనుకుందాం. ఒక్కోదాంట్లో నాలుగు బ్లాకులు, బ్లాకుకి 100 ఇళ్లు. మొదటి వార్డులో ఒక బ్లాకు మొత్తం దళితులది, మిగతా మూడింట్లో ఒక్క దళిత ఇల్లూ లేదు. రెండో వార్డులో ప్రతి బ్లాకులోనూ 25 దళిత ఇళ్లు. వార్డు లెక్క తీస్తే రెంటిలోనూ దళితులు 25 శాతమే. వేరుపాటుని కొలిచే అసమానతా సూచిక వార్డుల స్థాయిలో సున్నా వస్తుంది. అదే బ్లాకుల స్థాయిలో 0.5 వస్తుంది. అంటే ఇళ్లు సమంగా పరుచుకోవాలంటే దళిత ఇళ్లలో సగం చోటు మారాలి. ఇల్లు ఒక్కటీ కదల్లేదు, గీత ఒక్కటే మారింది.

మన నగరాల మీద వచ్చిన పనిని ఈ వెలుగులో చదవాలి. 2012లో వితయతిల్, గాయత్రీ సింగ్ ఇద్దరూ 2001 జనగణన వార్డు లెక్కలతో ఏడు పెద్ద నగరాల్ని పరిశీలించారు. వాటిలో హైదరాబాదూ ఉంది. ఆర్థిక స్థాయిని బట్టి ఉన్న వేరుపాటు కన్నా కులాన్ని బట్టి ఉన్న వేరుపాటే ఎక్కువని తేల్చారు. నగరానికొస్తే కులం కరిగిపోతుందనే మాటకి అది గట్టి దెబ్బ. ఆ వ్యాసం విలువని మేం తక్కువ చెయ్యం. కాని వార్డు అనేది వేలమంది ఉండే ముక్క. దాని లోపల ఏ సందులో ఎవరున్నారో అది చెప్పలేదు.

2018లో నవీన్ భారతి, దీపక్ మల్ఘాన్, అందలీబ్ రెహమాన్ ఒక మెట్టు కిందికి దిగారు. బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, కోల్‌కతా, ముంబయిల 2011 గణన బ్లాకుల లెక్క తీసుకున్నారు. గణన బ్లాకు అంటే ఒక ఎన్యూమరేటరు తిరిగే వందా నూటపాతిక ఇళ్లు. మామూలు వార్డుని తీసుకుంటే నగరంలో వార్డుకీ వార్డుకీ మధ్య ఉన్న వేరుపాటు కన్నా ఆ వార్డు లోపలి బ్లాకుల మధ్య ఉన్న వేరుపాటే ఎక్కువని చూపించారు. అంటే వార్డు లెక్కలు చూసి ఇన్నాళ్లు మనం అనుకున్న దానికన్నా వెలి ఎక్కువే. ఈ పని చాలా విలువైనది. అయితే వీళ్ల ఐదు నగరాల్లో తెలుగు నగరం ఒక్కటీ లేదు. కొలమానం షెడ్యూల్డు కులాలన్నిటినీ ఒకే గంపలో వేస్తుంది. బ్లాకు లెక్క బహిరంగంగా దొరకదు గనక, కావలసినవాళ్లు వాడి సరిచూసే వీలూ తక్కువ. ఆ లెక్కని మనుషుల ఆనవాళ్లు తీసేసి అందరికీ ఇవ్వాలని ఆ పరిశోధకులే అడిగారు. మేమూ అడుగుతున్నాం.

దీనికి తోడబుట్టిన తప్పు ఇంకోటుంది. వార్డులో దళితులు 25 శాతం, కుళాయిలున్న ఇళ్లు 75 శాతం అని తెలిసినంత మాత్రాన కుళాయి లేనివాళ్లు దళితులేనని రుజువు కాదు, కాదని కూడా రుజువు కాదు. గుంపు లెక్క నించి మనిషి గురించి తేల్చకూడదని 1950లోనే రాబిన్సన్ హెచ్చరించాడు. మన మిత్రులు కొందరు ఆవేశంలో రెండు రంగు పటాలు పక్కపక్కన పెట్టి 'చూడండి' అంటున్నారు. అవతలివాళ్లు ఒక్క ప్రశ్నతో దాన్ని కొట్టేస్తారు. మన వాదం నిలవాలంటే ఇంటి స్థాయి, కనీసం బ్లాకు స్థాయి లెక్క కావాలి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. రాబోయే 2027 జనగణనలో కులాన్ని లెక్కపెట్టాలని 2025లో కేంద్రం నిర్ణయించింది. ఆ లెక్క ఏ స్థాయిలో బయటపెడతారన్నదే అసలు ప్రశ్న. జిల్లా స్థాయిలో ఇచ్చి ఊరుకుంటే వాడ మళ్లీ మాయమవుతుంది.

5. 'చీలికల' ఏరివేత

భూమి పటాల్లో మామూలుగా చెప్పే తప్పు సన్నని చీలికలు. రెండు సర్వే నంబర్ల హద్దుల్ని వేర్వేరుగా గీస్తే మధ్యలో ఎవరిదీ కాని సన్నటి ముక్కలు మిగులుతాయి. వీటిని ఏరెయ్యడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక పనిముట్టు ఉంది. ఇంత విస్తీర్ణం కన్నా చిన్న ముక్కల్ని ఎంచుకో, పక్కనున్న అన్నిటికన్నా పెద్ద ముక్కలో గానీ, ఎక్కువ పొడవు హద్దు కలిసిన ముక్కలో గానీ కలిపెయ్యి అంటుంది. మీట నొక్కితే పటం శుభ్రంగా ఉంటుంది.

ఆ చిన్న ముక్క నిజంగా ఏమిటి? కొన్ని గీత తప్పులే. కొన్ని మాత్రం వాడ నించి బొందలగడ్డకి పోయే డొంక. కొన్ని కాలవగట్టు పోరంబోకు. కొన్ని ఇళ్ల స్థలాలు. సెంటు అంటే ఎకరంలో నూరో వంతు, సుమారు 40 చదరపు మీటర్లు. మూడు సెంట్ల ఇంటిస్థలం సుమారు 121 చదరపు మీటర్లు. ఎవరో 150 చదరపు మీటర్లని గీటురాయిగా పెట్టుకుంటే మూడు సెంట్ల స్థలం 'చీలిక' అయి, పక్కనున్న పెద్ద పొలంలో కలిసిపోతుంది. చిన్నదాన్ని పెద్దదాంట్లో కలపడం మన ఊళ్లకి కొత్త సంగతి కాదు. దానికి ఇదివరకు కరణం కలం కావలసి వచ్చేది, ఇప్పుడు మీట చాలు. గొడవ పడటానికి ఎదురుగా ఒక మనిషి కూడా ఉండడు.

అందుకే చీలికల్ని గంపగుత్తగా ఏరెయ్యకూడదు. ముందు వాటన్నిటినీ ఒక జాబితాగా తీయాలి. ఒక్కోదాన్నీ ఆంధ్రలోనైతే ఎఫ్.ఎం.బి.తో, తెలంగాణలోనైతే టిప్పన్‌తో, సేత్వార్‌తో సరిచూడాలి. పోరంబోకు, అసైన్డ్ భూమి, దారి అని రికార్డులో ఉన్న ముక్కలకి ముందే తాళం వేసి ఏరివేత నించి మినహాయించాలి. అసైన్డ్ భూములు చేతులు మారకుండా 1977లో చట్టం తెచ్చారు. చట్టం అమ్మకాన్ని ఆపింది గానీ పటంలో గీత జారడాన్ని ఆపడానికి రాసింది కాదు. ఆ కాపలా మనమే కాయాలి.

2020 ఏప్రిల్‌లో మొదలైన స్వామిత్వ పథకంలో ఊళ్లోని ఇళ్లస్థలాల్ని డ్రోన్లతో కొలుస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. డ్రోనుకి కనపడేలా హద్దు వెంట నేలమీద ముగ్గులా సున్నం గీత వేస్తారు. డ్రోను నిజాయితీగానే ఆ గీతని చూస్తుంది. ఆ గీత వేసిన పూట వాడవాళ్లు కూలికి పోయి ఉన్నారా, ఇంటి దగ్గరున్నారా అన్నది మాత్రం దానికి కనపడదు.

6. కాకి పోయే దూరం, మనిషి పోయే దూరం

బడికి దూరం లెక్కగట్టడానికి బడి చుట్టూ ఒక కిలోమీటరు వలయం గీసి, లోపల పడ్డ ఇళ్లన్నిటికీ బడి అందుబాటులో ఉందంటారు. విద్యాహక్కు చట్టం కింద 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలు అయిదో తరగతి దాకా కిలోమీటరు లోపు అన్నాయి, అదీ నడిచే దూరం అన్నాయి. వలయం కొలిచేది కాకి పోయే దూరం. కాలవ ఉంది, వంతెన లేదు, వానాకాలం డొంకలో మోకాల్లోతు బురద. ఇవన్నీ దారుల వల మీద లెక్కగడితే తేలతాయి, దానికి పనిముట్లున్నాయి.

అయినా దారుల వల కూడా ఒక అబద్ధం ఆడుతుంది. రోడ్డన్నాక అందరికీ ఒకటే రోడ్డు అనుకుంటుంది. పెద్దకులాల వీధిలోంచి చెప్పులేసుకుని నడవనివ్వని ఊళ్లు, పాడె పోనివ్వని వీధులు ఉన్న దేశంలో అందరికీ ఒకే ఖర్చు వేసే లెక్క ఎట్లా సరిపోతుంది? సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దారి ముక్కకీ ఒక బరువు ఇవ్వవచ్చు. సాధారణంగా దూరాన్నో, పట్టే సమయాన్నో ఆ బరువుగా ఇస్తారు. వాడవాళ్లని అడిగి, ఏ దారిన పోతారు, ఏ దారి తప్పించుకుంటారు, ఎందుకు అని రాసుకుని ఆ బరువులు ఇచ్చి చూడాలి. అప్పుడు వచ్చే దూరమే ఆ పిల్ల రోజూ నడిచే దూరం.

పటం సాక్ష్యం చెప్పిన చోటు

ఇదంతా అయ్యే పనేనా అని అడగొచ్చు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని జేన్స్‌విల్ పట్టణం దగ్గర కోల్ రన్ అనే నల్లవాళ్ల పేట ఉంది. దశాబ్దాల తరబడి వాళ్లకి నగరం నీళ్లు రాలేదు. చుట్టుపక్కల తెల్లవాళ్ల ఇళ్లకి వచ్చాయి. ఏవో సాంకేతిక కారణాలని చెబుతూ వచ్చారు. వాళ్లు కోర్టుకెక్కారు. నీటి గొట్టాల పొర, ఇళ్ల పొర, ఎవరింట్లో ఏ జాతివాళ్లున్నారన్న పొర ఒకదానిమీదొకటి పెట్టిన పటాలు జ్యూరీ ముందు పరిచారు. 2008లో జ్యూరీ దాదాపు 1.1 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించమంది. అక్కడ పనిచేసింది జిల్లా సగటు కాదు. ఇల్లిల్లూ గుర్తించిన పటం.

మనకీ అదే పని కావాలి. కాకపోతే మన దేశంలో ఇంటింటి కులం చూపే పటం రెండంచుల కత్తి. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల్ని వెంటాడి చంపినవాళ్లకి వాడ ఎక్కడుందో చూపడానికి పటం అక్కర్లేకపోయింది. అట్లాంటి చోట ఇంటి నంబరుతో సహా కులం రాసిన పటాన్ని బజారున పెట్టడం బాధ్యత అనిపించుకోదు. ఇంటి స్థాయి లెక్క వాడ చేతిలో ఉండాలి. కోర్టుకి, కమిషన్‌కి ఇవ్వాల్సి వస్తే వాళ్లు ఇవ్వాలి. బయటికి ప్రచురించేది ఆనవాళ్లు తీసేసిన బ్లాకు పటం మాత్రమే కావాలి.

పాతకాలం సర్వేల్లో గొలుసు లాగింది, రాయి మోసి పాతింది వెట్టివాళ్లు. ఏ రాయి ఎక్కడ పాతారో, ఏ రాత్రి ఎవరు జరిపారో వాళ్లకి తెలుసు. పుస్తకంలో రాసింది కరణం. ఇప్పుడు గొలుసు పోయి ఉపగ్రహం వచ్చింది, రాసే చెయ్యి మాత్రం ఇంకా ఊరి వైపే ఉంది. టెక్నాలజీ అగ్రకులాలది, మనకెందుకు అనే మాట మన శిబిరంలో వినిపిస్తోంది. ఆ మాటని మేం ఒప్పుకోం. ఉచితంగా దొరికే క్యూజిఐఎస్, ఒక మామూలు ఫోను, ఊరి ఎఫ్.ఎం.బి. నకలు ఉంటే చదువుకున్న పిల్లలు ఇద్దరు ఒక సెలవుల్లో తమ వాడ పటం తయారుచెయ్యగలరు. మేకులు వాడలో కొట్టండి. ఖాళీని సున్నా చెయ్యకండి. చీలికల్ని ఏరేముందు రికార్డు చూడండి. దూరాన్ని నడిచి కొలవండి. ఏ ఊళ్లో ఏ గీత జారిందో, ఎట్లా పట్టుకున్నారో ఈ పత్రికకి రాయండి. ఆ రాతలన్నీ ఒకచోటికి చేరితే, 'తరచుగా వచ్చే సమస్యలు' అనే అధ్యాయం వాడ వైపు నించి కూడా ఒకటి తయారవుతుంది.